అడగకుండా రాసిన సాక్ష్యం

నర్సింగు చదువుకుంటున్న మా సంఘం ఆడపిల్లలు మొన్న నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని, "ఆంటీ, మీ సర్వీసులో ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించారు?" అని అడిగారు. ప్రేమగానే అడిగారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పిల్లల మీద కాదు, ఆ ప్రశ్నను వాళ్ళ నోట్లో పెట్టిన పెద్దల మీద. చేతిలో ఉన్న టీ తాగేసి, మోకాళ్ళ నొప్పని చెప్పి లేచి వచ్చేశాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని చూశాను గానీ, రిటైరై ఇన్నాళ్ళయినా చల్లారనిది ఇప్పుడు చల్లారుతుందన్న ఆశ లేదు.

నేను పనిచేసింది హైదరాబాదు పాతబస్తీలో, ఫలక్‌నుమా అవతల ఒక చిన్న క్రైస్తవ ఆసుపత్రిలో. దాని పేరు గానీ మనుషుల పేర్లు గానీ చెప్పను. తప్పు చేసినవాళ్ళలో ఒకరు తర్వాత సిగ్గుపడ్డారు. సిగ్గుపడనివాళ్ళకు పేరు పెట్టి గౌరవించడం నాకిష్టం లేదు.

చివరి ఏళ్ళలో డ్రెస్సింగ్ రూము నా చేతిలో ఉండేది. కాలిన చేతులు, కుట్లు విడిపోయిన పొట్టలు, అన్నిటికంటే ఎక్కువగా షుగర్ పుళ్ళు. లాడ్ బజార్‌కి లక్క గాజులు చేసిపెట్టి వేళ్ళు కాల్చుకున్న ఆడవాళ్ళు, యాకుత్‌పురా నుంచి ఆటోల్లో వచ్చే ముసలివాళ్ళు, చుట్టుపక్కల పాడి మీద బతికే కుటుంబాలు, అందరూ ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చునేవారు.

నాకు తోడు ఒక ఆయా ఉండేది. జహనుమా మనిషి. అందరం ఆమెను పిన్ని అన్నట్టు ఖాలా అనేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చిన కొత్తలో ఇక్కడి మాట నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. రోగి చెప్పింది ఖాలా నాకు తిప్పి చెప్పేది, నేను చెప్పింది తన సొంత తిట్లు కొన్ని కలిపి రోగికి చెప్పేది. నమాజు వేళకు ఆమె స్టోరు గదిలో చాప పరుచుకుంటే, ఎవరూ తలుపు తోసుకుని పోకుండా నేను చూసుకునేదాన్ని. పొద్దున చేతులు కడుక్కున్నాక మొదటి కట్టు విప్పే ముందు నేను కాసేపు కళ్ళు మూసుకుంటే, "చుప్ బైఠో, సిస్టర్ దువా మాంగ్‌రై" అని ఆమె బెంచీ మొత్తాన్ని నోరు మూయించేది. మా ఇద్దరి మధ్య మతం గురించి జరిగిన చర్చ అంతే. అంతకుమించి అవసరం పడలేదు.

ఆ ఎండాకాలం చివర్లో ఒక పాలామె వచ్చింది. బర్రెల కొట్టంలో అరికాల్లో మేకు దిగింది. షుగర్ మనిషికి పాదం మొద్దుబారిపోతుంది కదా, మేకు దిగిన సంగతి ఆమెకు తెలియనే లేదు. చెప్పులో తడి చూసి తెలుసుకుంది. వచ్చేసరికి పుండు లోతుగా పోయింది. భర్త పోయిన మనిషి, ఆమె మరిది తన బండి మీద, రెండు పాలక్యాన్ల మధ్య కూర్చోబెట్టి తెచ్చేవాడు. దించేటప్పుడు, "వదినె, కాలు కింద పెట్టకు, ఆగు" అని చెయ్యి పట్టుకుని మరీ దించేవాడు.

మొదటి రోజే ఆమె నాకు షరతు పెట్టింది.

"సిస్టరమ్మా, ఆషాఢంల నేను బోనమెత్తాలె. లగ్గమైన కాడికెల్లి ఒక్క ఏడు గూడ తప్పలె. గప్పటికి కాలు మంచిగ కావాలె."

"చెప్పినట్టు వింటావా?"

"ఇంట."

"చాయ్‌లో చక్కెర మానేస్తావా?"

కాసేపు ఆలోచించింది. "గది జెర కష్టం. గాని మానేస్త."

మానేసింది. రోజు విడిచి రోజు వచ్చింది. కుళ్ళిన కండ కోసేస్తుంటే పక్కన ఖాలా చెయ్యి పట్టుకుని బర్రెల కబుర్లు చెప్పేది. ఏ బర్రె ఎప్పుడు ఈనుతుందో మా ఆసుపత్రిలో అందరికీ తెలిసిపోయింది. కొన్ని వారాలకు పుండు అడుగున ఎర్రగా, దానిమ్మ గింజల్లా కొత్త కండ కనపడింది. డ్రెస్సింగ్ రూములో పనిచేసినవాళ్ళకు అంతకంటే అందమైన దృశ్యం ఉండదు. "ఈసారి బోనం ఎత్తేదే ఎత్తేది" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ మాట మా పాస్టరు గారు విన్నారు. ఆసుపత్రిలో రోగుల కోసం ప్రార్థన చేయడానికి ట్రస్టువాళ్ళు పెట్టిన కుర్ర పాస్టరు. అప్పుడప్పుడే చదువు ముగించి వచ్చాడు. మంచి గొంతు, గిటారు వాయిస్తాడు. నిజం చెప్పాలంటే మనిషి చెడ్డవాడు కాదు. లిఫ్టు ఆగిపోతే స్ట్రెచరు ఒక కొస పట్టుకునేవాడు, ఖాలా తెచ్చిన కీమా ఇష్టంగా తినేవాడు. ఆ రోజు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "సిస్టర్, విగ్రహం దగ్గరికి నడవడానికా మీరు ఆ కాలు బాగుచేస్తున్నది?" అన్నాడు.

"కాలు ఎటు నడవాలో కట్టు మీద రాసి పంపమంటారా?" అన్నాను.

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. నేను మర్చిపోయాను.

అతని కష్టం అతనిది. ట్రస్టు కార్యదర్శి గారు సికింద్రాబాదులో కూర్చుని నెలనెలా ఫోను చేసేవారు. "ఫలం ఏది? మారినవాళ్ళ సాక్ష్యాలేవి? పత్రికకు ఏం వేయమంటావు?" అని. ఫలమట! చీము తుడిచిన కాళ్ళు, మళ్ళీ పనికి వెళ్ళిన చేతులు ఆయన లెక్కలో ఫలాలు కావు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎంతకాలం ఆగుతాడు?

ఒకరోజు కట్టు అయిపోయాక ఆమె ఎప్పటిలాగే నాకు రెండు చేతులూ జోడించింది. "సల్లగుండు సిస్టరమ్మా" అని కళ్ళు మూసుకుంది. అది ఆమె అలవాటు. నేను పాత కట్టు బుట్టలో వేసి చేతులు కడుక్కుంటున్నాను. గుమ్మం దగ్గర పాస్టరు గారు ఫోను పట్టుకుని నిలబడ్డాడట. నా వీపు అటుంది.

కొన్నాళ్ళకు ఆమె రావడం మానేసింది. ఒక రోజు తప్పితే బర్రె ఈనిందేమో అనుకున్నాను. తర్వాత మరిదికి ఫోను చేస్తే తీయలేదు. షుగర్ పుండుకు కట్టు ఆగిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కబురు ఖాలా తెచ్చింది. ఆమె ఇంటికి పాలు పోసేది ఆ కుటుంబమే.

"సిస్టర్, ఉస్కో నై ఆనే దేరై. ఘర్‌వాలే నక్కో బోలే. బస్తీల పెద్ద లొల్లి అయింది."

"ఇంట్లోవాళ్ళు రానివ్వకపోవడమేంటి? ఏం లొల్లి?"

ఖాలా నా మొహం వంక చూసి, "మీరే వచ్చి చూడండి" అంది.

డ్యూటీ అయ్యాక ఇద్దరం వెళ్ళాం. మరిది గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు. ఎప్పుడూ నమస్తే పెట్టే మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది సిస్టరమ్మా, కాలు సూపెట్టనీకి వస్తే మా వదినెను మీ దాంట్ల కలుపుకుంటరా?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను ఫోను తీసి నా కళ్ళ ముందు పెట్టాడు. మా ట్రస్టు పత్రిక పేజీ అది. దాంట్లో ఆమె, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని. కింద రాసింది చదివాను. ఒకప్పుడు విగ్రహాల ముందు కుండ మోసిన ఈ సోదరి, మన ఆసుపత్రిలో సత్యాన్ని తెలుసుకుని పాత దేవతలను విడిచిపెట్టిందట. కన్నీళ్ళతో ప్రార్థిస్తోందట. కన్నీళ్ళు! ఆమె నా ముందు ఏడ్చింది ఒక్కసారే, చాయ్‌లో చక్కెర మానేసిన వారంలో.

"ఇది అబద్ధం బాబూ."

"అబద్ధమైతే మీ పత్రికోళ్ళను చెప్పమను. మా వదినె నెత్తి నోరు కొట్టుకుని చెప్తే ఎవ్వలు నమ్ముతలేరు. ఆ ఫోటో ఎక్కడికెల్లి వచ్చిందో, మస్తు ఫోన్లల్ల తిరుగుతున్నది. అమ్మవారి కాడ మా ఇంటి బోనమే వద్దంటున్నరు. బస్తీల నేను మొకమెట్ల ఎత్తుకోవాలె?"

"కాలు ఎలా ఉంది?"

"పసుపు వెడుతున్నం."

"పసుపుతో అది మానదు. ఒక్కసారి చూడనివ్వు."

లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది. "ఎవలు, సిస్టరమ్మనా?" అని. మరిది మొహం తిప్పుకుని గేటు వేసేశాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు అతని మీద కోపం రావాలి. రాలేదు. నాకు రావాల్సిన కోపమంతా ఇంకొకరి కోసం దాచుకుని ఆసుపత్రికి తిరిగొచ్చాను.

పాస్టరు గారు ప్రార్థన గదిలో గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు.

"ఎవరిని అడిగి తీశారు ఆ ఫోటో?"

మొహం పాలిపోయింది. "సిస్టర్, ఆమె చేతులు జోడించింది కదా…"

"నాకు దండం పెట్టింది. కట్టు కట్టినందుకు."

"మీ దేవుడు కూడా మంచోడే అని ఒకసారి నాతో అంది."

"మా ఖాలాతో కూడా అంటుంది. అందుకని ఆవిడ తురకల్లో కలిసిందని రాస్తారా?"

అతను గిటారు కింద పెట్టాడు. "అంతా నేను రాయలేదు సిస్టర్. నేను రెండు వాక్యాలు పంపాను. మిగతాది వాళ్ళు పెంచారు."

"మీ రెండు వాక్యాల్లో ఎంత నిజముంది?"

నేను అక్కడే నిలబడి గట్టిగా, బయట వినపడితే పడనీ అని అరిచాను. అబద్ధ సాక్ష్యం పలకొద్దని చిన్నప్పుడు సండే స్కూల్లో వల్లె వేయించి మరీ నేర్పారే, సాక్ష్యాల పేజీ వచ్చేసరికి ఆ ఆజ్ఞకు సెలవిచ్చేశారా అన్నాను. మన దేవుడికి అంత గతి లేకుండా పోయిందా, ఆయన పేరు నిలబెట్టడానికి ఒక పాలామె కాలు కుళ్ళబెట్టాలా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఇప్పుడు మళ్ళీ అనమన్నా అంటాను.

సంగతి తెలిసి మర్నాడు సికింద్రాబాదు నుంచి కార్యదర్శి గారే వచ్చారు. నన్ను పిలిపించారు. ఆఫీసు గదిలో ఆయన, పాస్టరు గారు, నేను. ఆయన ముందు నెమ్మదిగానే మాట్లాడారు.

"సిస్టర్, ఇప్పుడు మనం కెలికితే గొడవ పెద్దదవుతుంది. ఆసుపత్రి మీద పడతారు. మౌనంగా ఉంటే వారంలో మర్చిపోతారు."

అందులో కొంత నిజముంది. అలాంటి వార్తలు మేమూ వింటూనే ఉన్నాం. భయం నాకూ ఉంది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు.

"ఆ పేషెంటుకు మనమేనా దిక్కు? ఇంకో ఆసుపత్రికి పోతుంది లెండి."

"పోవడం లేదు సార్. ఇంట్లో పసుపు పెడుతున్నారు. వచ్చే నెల పత్రికలో తప్పు రాశామని వేయండి. ఆదివారం పొద్దున వాళ్ళ పెద్దమనుషులు బోనం సంగతి తేల్చడానికి కూర్చుంటారట, ఖాలా చెప్పింది. అక్కడికి మన తరఫున ఎవరైనా వెళ్ళి చెప్పాలి."

"ఏమని?"

"ఆమె క్రైస్తవురాలు కాలేదని."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నన్ను కొత్తగా చూశారు. "మీరు చేయబోయేది ఏమిటో తెలుస్తోందా? ఒక ఆత్మ రక్షణ పొందలేదని సాక్ష్యం చెప్పడానికి వెళ్తారా? అదీ ఆదివారం ఆరాధన మానుకుని? అదీ ఆవిడ మళ్ళీ కుండ ఎత్తుకోవడానికి?"

"పొందలేదు కాబట్టి పొందలేదని చెప్తాను సార్."

"ఈ పత్రిక చదివి ఎంతమంది విశ్వాసంలో బలపడుతున్నారో మీకు తెలియదు."

"ఆవిడ కాలు కూడా మీకు తెలియదు" అన్నాను. "ఒక్కసారైనా డ్రెస్సింగ్ రూములోకి వచ్చి చూశారా? వాసనొస్తుందని కారిడార్ చుట్టూ తిరిగి పోతారు. మీరు ఫలం కోసుకున్న చెట్టు ఎక్కడుందో మీకే తెలియదు."

రిటైర్మెంటు దగ్గర పడింది, జాగ్రత్తగా మాట్లాడమన్నారు. నేను లేచి వచ్చేశాను. నర్సులు కాబోయే మీకో మాట చెప్తాను. మన పెద్దల ముందు మనం చాలాసార్లు వినయం అనుకుని నోరు మూసుకుంటాం. అది వినయం కాదు, అలవాటు.

ఆదివారం పొద్దున డ్రెస్సింగ్ సామాను ఒక ట్రేలో సర్దుకుని, మీద శుభ్రమైన గుడ్డ కప్పి, ఖాలాతో బయల్దేరాను. ఆసుపత్రి గేటు దాటుతుంటే వెనక నుంచి పాస్టరు గారు వచ్చి ట్రే అందుకున్నాడు. తెల్ల చొక్కా, ఆరాధనకు తయారైన బట్టలు. ఖాలా, "అబ్ అకల్ ఆయీ ఇస్కో" అని గొణిగింది, ఇప్పటికి బుద్ధొచ్చిందట.

వాళ్ళ వాకిట్లో, బర్రెల కొట్టం ముందు కుర్చీలు వేసుకుని పెద్దమనుషులు కూర్చున్నారు. చుట్టూ కుర్రాళ్ళు నిలబడ్డారు. పాలామె గుమ్మంలో ఒక పీట మీద, కాలు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి, చుట్టూ చూసి దించేసుకుంది. ఆ చెయ్యి దిగడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

"మల్లెందుకు వచ్చిండ్రు?" అని ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. అందరిలోకీ పెద్దాయన, తలపాగా చుట్టుకున్నాయన, "ఆగుర్రి, చెప్పనీయుర్రి" అన్నాడు.

పాస్టరు గారు ట్రే ఖాలా చేతికిచ్చి ముందుకు వెళ్ళాడు. మొదట ప్రసంగం ధోరణిలోనే ఎత్తుకున్నాడు. "ప్రియమైన పెద్దలారా, మా పత్రికలో ప్రచురితమైన విషయమై…" అని. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అతనికీ అర్థమై ఉండదు. ఆగాడు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"నేను అబద్ధం రాశాను. ఈ అమ్మ మా దేవుణ్ణి నమ్ముకున్నానని ఎప్పుడూ అనలేదు. అమ్మవారిని విడిచానని అనలేదు. అడగకుండా ఫోటో తీశాను. తప్పు నాది, ఆమెది కాదు."

కుర్రాళ్ళలో ఒకడు ఫోను తీసి, "మల్లొక్కసారి చెప్పు, వీడియో తీస్త" అన్నాడు. వెటకారంగానే అన్నాడు. పాస్టరు గారు అతని వైపు తిరిగి, "తీయండి. ఫోటో వెళ్ళిన చోట్లకల్లా ఇదీ వెళ్ళాలి కదా" అని, మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చెప్పాడు. చెవులు ఎర్రబడిపోయాయి గానీ మాట తడబడలేదు.

అప్పుడు పెద్దాయన నా వైపు తిరిగాడు.

"పోరడు తప్పొప్పుకున్నడు, మంచిదే. మరి నువ్వేందమ్మా? ఇన్నొద్దులు కాలు కడిగినవ్, కట్టు కట్టినవ్. మా కోడల్ని మీ దాంట్లకు తెచ్చుకోవాలనే గద?"

సూటిగా అడిగాడు. లేదండీ, నాకలాంటి ఆలోచనే లేదండీ అంటే అక్కడితో అయిపోయేది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. కానీ ఒక అబద్ధం కడగడానికి వచ్చి ఇంకొకటి ఆడలేను కదా.

"పెదనాన్నా, నేను నమ్మిన దేవుడు ఈమెకూ తెలిస్తే నాకు సంతోషమే" అన్నాను. కుర్రాళ్ళలో గోల లేచింది. "ఉండండి, పూర్తిగా వినండి. ఈమె కోసం రోజూ ప్రార్థన చేశాను. ఏమని? కాలు మానాలని. ఈమె నన్ను నా దేవుడి గురించి అడిగితే చెప్తాను, దాచుకోను. అడగలేదు. చీము పట్టిన కాలు నా చేతిలో పెట్టి కూర్చున్న మనిషికి అడగని మాట చెప్పడం నాకు చేతకాదు. ఆమె లేచి పోలేదు కదా. అలా కదల్లేని మనిషికి చెప్పేది సువార్త అనిపించుకోదు."

ఎవరో, "మాటలు మంచిగనే నేర్చింది" అన్నారు. ఇంకెవరో బోనం ఈ ఏడు ఆపితేనే నయం, వచ్చే ఏడు చూద్దామన్నారు. మరిది ఏదో అనబోయాడు. మాట మీద మాట లేచింది. అంతలో గుమ్మంలోంచి ఒక కేక వినపడింది.

"ఆపుర్రి!"

పాలామె గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఈ పోరడు నన్ను అడగకుంట ఫోటో దీసిండు. ఆ పత్రికోడు నన్ను అడగకుంట కన్నీళ్ళు రాసిండు. మీరు నన్ను అడగకుంట పంచాతి వెట్టిండ్రు. మరిదీ, నువ్వు నన్ను అడగకుంట గేటు ఏసినవ్. అందరు నా గురించే మాట్లాడవడితిరి, ఒక్కలన్న నన్ను అడిగిండ్రా? కాలు నాది. బోనం నాది. నా తల్లికి నేనెవలనో తెల్సు, మీరు చెప్తేనే గుర్తు వడుతదా?"

ఆమె మళ్ళీ పీట మీద కూలబడి, కాలు నా వైపు చాపింది.

"రా సిస్టరమ్మా. కట్టిప్పు. అందరు సూడనీ."

విప్పాను. వాసనకు ముందు కుర్రాళ్ళు వెనక్కి జరిగారు. దానిమ్మ గింజల్లాంటి కండ లేదు. పసుపు, దాని కింద నలుపు. బొటనవేలు, దాని పక్క వేలు చల్లబడి రంగు మారిపోయాయి. పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి చూసి, "అయ్యో బిడ్డా" అన్నాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ తర్వాత బోనం గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

అక్కడే, బర్రెల తొట్టి పక్కన నేల మీద కూర్చుని కడిగాను. పాస్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని ట్రే పట్టుకున్నాడు. తెల్ల ప్యాంటు నిండా పేడ. ఒక బర్రె అతని భుజం మీద ఊపిరి వదులుతోంది. అతను తొట్టి వైపు, కొట్టం వైపు చూసి నోరు తెరిచాడు. ఏమనబోతున్నాడో నాకు తెలుసు. పశువుల పాక, తొట్టిలో పసిబిడ్డ అంటూ క్రిస్మస్ ప్రసంగం మొత్తం అతని కళ్ళలో కనపడింది.

"అనకండి" అన్నాను.

నోరు మూసుకున్నాడు.

ఆ రోజే ఆసుపత్రికి తెచ్చాం. మరిదే బండి మీద తెచ్చాడు. మా సర్జను చూసి తల అడ్డంగా ఊపారు. రెండు వేళ్ళూ తీసేశారు. పిల్లలూ, మీరు వినాల్సింది ఇక్కడే. సాక్ష్యం రాసినవాళ్ళకు ఏమీ పోలేదు. ఫోటో పంచినవాళ్ళకు ఏమీ పోలేదు. పెద్దమనుషులకు ఏమీ పోలేదు. కాలు మాన్పుకోవడానికి వచ్చిన మనిషికి రెండు వేళ్ళు పోయాయి. ఆ ఏడు ఆమె బోనమెత్తలేదు. పెద్దలు ఒప్పుకున్నారు, ఊరు ఒప్పుకుంది, కాలు ఒప్పుకోలేదు. తోడికోడలు ఎత్తితే, గుమ్మంలో కూర్చుని చూసిందట.

పాస్టరు గారి వీడియో సికింద్రాబాదు దాకా వెళ్ళింది. అతన్ని మందలించారు. సంస్థ పరువు తీసినందుకు నాకు మెమో ఇచ్చారు. తప్పు దిద్దుకుంటూ పత్రికలో ఒక ముక్క వేయమని నేను మూడుసార్లు అడిగాను. వేయలేదు. తర్వాతి సంచికలో ఇంకొక ఆసుపత్రిలోని ఇంకొక ఆడమనిషి ఫోటో వేశారు, చేతులు జోడించుకునే. ఆమెను అడిగారో లేదో నాకు తెలియదు. ఆసుపత్రి మీద ఎవరూ పడలేదు. నా రిటైర్మెంటు రోజు ట్రస్టు తరఫున ఎవరూ రాలేదు. ఖాలా మాత్రం బిర్యానీ చేసి తెచ్చింది, మరిది పాలకోవా తెచ్చాడు.

నేను ఇంకా డ్యూటీలో ఉండగానే, బోనాలు అయిపోయిన తర్వాతి వారం జరిగింది చెప్పి ముగిస్తాను. పాలామె మళ్ళీ కట్టుకు వచ్చేది. పాస్టరు గారు అప్పటికి ఒక అలవాటు చేసుకున్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా వచ్చి నా పక్కన ట్రే పట్టుకుని నిలబడేవాడు. ప్రార్థన చేయనా అని అడిగేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. కత్తెర అంటే కత్తెర, దూది అంటే దూది. ఆ రోజు నేను పాదం ఒళ్ళో పెట్టుకుని కడుగుతున్నాను. ఆమె పైనుంచి చూస్తూ ఉండి ఉండి అడిగింది.

"సిస్టరమ్మా, గింత లొల్లి అయింది. నేను మీ దేవుని దాంట్ల కలిసిన్నని ఒకలు, కలవలేదని ఒకలు. ఇంతకీ గాయన ఎవలు? ఏంజేసిండు? నాకు ఒక్కలు గూడ చెప్పలె."

నా చెయ్యి ఆగిపోయింది. పక్కన పాస్టరు గారి వైపు చూశాను. ఇంత చదువు, ఇంత గొంతు, ఇన్ని సాక్ష్యాలు. అతను ట్రే వైపు చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి ఫోనున్న జేబు వైపు పోలేదు. "మీరు చెప్పండి సిస్టర్, మిమ్మల్నే అడిగింది" అన్నాడు.

ఏం చెప్పను? నలభై ఏళ్ళు విన్న ప్రసంగాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. చేతిలో ఉన్నది చూసుకుని అదే చెప్పాను.

"రేపు చంపేస్తారని ఆయనకు తెలుసు. ఆ సాయంత్రం తనతో తిరిగినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, నడుముకు తువాలు కట్టుకుని, వాళ్ళ కాళ్ళు కడిగాడు."

"మొగోడా? కాళ్ళు కడిగిండా?"

"కడిగాడు."

"అందరియా?"

"అందరివీ. ఆయన్ని పట్టించబోయేవాడు కూడా అక్కడే కూర్చున్నాడు. వాడివీ కడిగాడు."

ఖాలా కూడా చీపురు ఆపి వింటోంది. పాలామె పాస్టరు గారి వంక ఒకసారి చూసి, మళ్ళీ తన పాదం వంక చూసుకుంది.

"మంచోడే" అంది. "వచ్చేయేడు బోనమెత్తినప్పుడు మా అమ్మకు చెప్త, గిసోంటాయన ఒకాయన ఉన్నడని. ఇగ జెల్ది కట్టు సిస్టరమ్మా, బర్రెలకు నీళ్ళు వెట్టాలె."